గుసగుసల తెలుగు

ఈ ఉదయం ఫోన్ చెవికి ఆనించుకోలేకపోయాను. విజయనగరం నుంచి పాప, "అక్కా, ఏటి సేస్తన్నావు?" అని అంత గట్టిగా అరిచింది. నిరుడు మా పక్క క్వార్టర్‌లో ఉన్నప్పుడు నన్ను దీదీ అనేది. అప్పట్లో తెలుగు ముక్క రాదు. ఇంట్లో దానితో అందరూ హిందీలోనే మాట్లాడేవారు. తెలుగు పెద్దవాళ్ల మధ్య, అదీ గొంతు తగ్గించి, పిల్ల వినకూడని సంగతులకే.

ఆయాసం వల్ల పాపను బడి మాన్పించి వాళ్లమ్మే ఇంట్లో చదువు చెప్పేది. భిలాయి ఉక్కు ప్లాంటు దుమ్ము పడడం లేదని, చివరికి విజయనగరంలో నానమ్మ దగ్గర ఉంచి అక్కడి బడిలో వేద్దామనుకున్నారు. "ఆవిడకి హిందీ రాదు. ఇది ఏటి మాటాడతదో ఏటో! పుస్తకాలు సదువుతావు కదమ్మా, నాలుగు మాటలు నేర్పవా," అని వాళ్లమ్మ, నేను వదినా అని పిలిచే ఆవిడ, నన్నడిగింది. చదువైపోయి, ఉద్యోగం రాక, డైరీతో తప్ప ఎవరితోనూ మాట్లాడని నాకు అంతకంటే ఏం కావాలి? కానీ ఆ మాటలు వచ్చేస్తే పాప వెళ్లిపోతుంది. అదీ తెలుసు.

వాళ్ల నాన్నకు ప్లాంటులో నైట్ షిఫ్టులు. పగలు లోపలి గదిలో పడుకునేవాడు. అందుకని మేం వంటింట్లో పీటలేసుకుని అన్నీ గుసగుసగానే చెప్పుకునేవాళ్లం. డబ్బా మూత తీసి వాసన చూపించి "చింతపండు" అంటే, పాప నా చెవిలో "చింతపండు" అనేది. గరిట, ఆవిరి, చెమ్మ. దుకాణంలో కూడా, కొట్టతను నావైపు చూసేదాకా నోరెత్తని మనిషిని. ఆ గుసగుసలు నాకు హాయిగా ఉండేవి.

ఒక సాయంత్రం వీడియో కాల్‌లో పాప నేర్చుకున్నవన్నీ నానమ్మకు గుసగుసగానే అప్పజెప్పింది. పెద్దావిడకు వినికిడి తక్కువ. పెదాలు కదలడమే కనిపించింది కాబోలు, "ఏటే, గొంతు పట్టేసిందా? పాలల్లో మిరియాలేసి ఇవ్వండర్రా!" అంది. పాప ఆశ్చర్యంగా నావైపు తిరిగి, తెలుగు గట్టిగా కూడా మాట్లాడతారా దీదీ, అని హిందీలో అడిగింది.

మర్నాడు దాన్ని సెక్టార్ మైదానానికి తీసుకెళ్లాను. ముందు నేనే అరవాలి. ఎన్నిసార్లు నోరు తెరిచి మూసుకున్నానో! ఎలాగో "చింతపండూ!" అన్నాను. అవతల క్రికెట్ ఆగిపోయింది. "దీదీ, కిస్‌కో బులా రహీ హో?" అని ఎవరో అరిచారు. ఎవర్ని పిలుస్తున్నానో నాకు మాత్రం ఏం తెలుసు? సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పాప మాత్రం పడీపడీ నవ్వి, నన్ను మించి "చింతపండూ!" అంది. ఆ తర్వాత దాని నోరు ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎండలు తగ్గకముందే దుర్గ్ స్టేషన్‌లో దాన్ని రైలెక్కించారు. కొన్నాళ్లకు వదినావాళ్లూ ఊరి పక్కనున్న జాముల్‌కి మారిపోయారు.

"నానమ్మకి నా మాటలన్నీ ఇనబడతన్నాయి, నీ మాటే నాకు ఇనబడ్డం లేదు. గట్టిగా మాటాడక్కా!" అంది పాప ఇవాళ. నాకు చేతనైనంత గట్టిగా మాట్లాడాను. పక్క క్వార్టర్‌లో పగలు నిద్రపోయేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. కాలం పాపను ఎక్కడికో తీసుకెళ్లిపోయింది గాని, నా గొంతు మాత్రం, ఎవరో లేస్తారేమోనని, ఇంకా ఆ వంటింటి మధ్యాహ్నాల్లోనే కూర్చుని ఉంది.