ఓబుళేశు నోటితోనే చెప్పించాలి

ఓబుళేశు చెడిపోవాలని రాహేలమ్మ ఆరేళ్లుగా రోజూ కోరుకుంది. పొద్దున కల్లూరులో షేర్ ఆటో ఎక్కేటప్పుడు ఎదురుగా బండల పాలిష్ ఫ్యాక్టరీ గేటు కనబడగానే ఆ కోరిక దానంతటదే వచ్చేది. ప్రార్థన కూడికలో అందరూ పిల్లల చదువులూ ఒంటి నొప్పులూ దేవుడికి చెప్పుకుంటుంటే, ఆమె కళ్లు మూసుకుని ఓబుళేశు పేరు చెప్పుకునేది. మంచికి కాదు.

ఆ ఫ్యాక్టరీలో ఓబుళేశు మేస్త్రీ. రాహేలమ్మ భర్త దాసన్న అక్కడే మిషన్ మీద పనిచేసేవాడు. నలుగురినీ నవ్వించే మనిషి, ఉన్నట్టుండి మాట తగ్గించాడు. తిండి సయించలేదు, నిద్ర లేదు. ఎందుకని అడిగితే, "తెల్దు మే, ఎద మీద బండ పెట్టినట్టు ఉండాది" అనేవాడు. ఒకరోజు మిషన్ దగ్గరే నిలబడి ఏడ్చాడు.

"ఏమప్పా, మొగోడివి ఏడుస్తాండావే! ఇంగ నువ్వు ఆడోళ్ల వరసలోనే కూచోని తిను" అన్నాడు ఓబుళేశు. పదకొండు రోజులపాటు అన్నం వేళ దాసన్నను ఆడకూలీల వరసలో కూర్చోబెట్టి అందరూ నవ్వారు. అప్పటికే లోపల కుంగిపోయి ఉన్న మనిషి. పన్నెండో రోజు పనికి పోలేదు. ఆ రోజే ప్రాణం తీసుకున్నాడు.

సమాధిలో మట్టి వేస్తుండగా ఓబుళేశు పక్కవాడితో అన్న మాట రాహేలమ్మ చెవిన పడింది. "పిరికోడు."

తర్వాత ఆమెకు పెద్దాసుపత్రిలో ఊడ్చే పని దొరికింది, అదీ మానసిక వైద్యం ఓపీలో. అక్కడ బెంచీల మీద కూర్చున్న మగవాళ్లు అచ్చం దాసన్న మాటలే చెప్పేవారు. కొన్ని నెలలకు వాళ్లలో చాలామంది తేరుకున్న మొహాలతో వచ్చి మాత్రలు తీసుకుపోయేవారు. అది జబ్బని, దానికి మందుందని, ఆ మందు ఆటో ఎక్కితే అందేంత దూరంలోనే ఉండిందని తెలిసిన రోజు ఆమె చీపురు పక్కన పడేసి మెట్ల కింద కూర్చుని ఏడ్చింది. ఏడుపు ఆగింది గానీ కసి ఆగలేదు.

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఓబుళేశు భార్య మధులత ఆమె గడపలోకి వచ్చింది.

"అక్కా, మా ఆయన పది దినాలాయ పనికి పోక. గోడ తట్టు తిరిగి పండుకుంటాడు. నిన్న పాపను పిల్చి, అమ్మను బాగా సూసుకోమన్న్యాడు. నాకు భయమయితాంది. నువ్వు ఆస్పత్రిలో ఉంటావని వచ్చినా."

రాహేలమ్మకు ముందు కలిగింది సంతోషం. దాచుకోవాలని కూడా అనిపించనంత సంతోషం.

"దేవుడున్న్యాడు" అంది మొహం మీదే. మధులత గడప మీదే కూలబడింది.

అలా ఆమెను చూస్తూ నిలబడ్డ కాసేపట్లో రాహేలమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. వీడు పోతే అందరూ అయ్యో పాపం అంటారు. దాసన్న మీద వేసిన మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. దాన్ని వెనక్కి తీసుకోగలిగిన నోరు ఒక్కటే, అది మూతపడిపోతుంది. ఆమె చెప్పులు తొడుక్కుంది.

వాళ్లింట్లో గోడవైపు తిరిగి పడుకున్న ఓబుళేశు గడ్డం పెరిగి, సగమైపోయి ఉన్నాడు.

"ఇట్ల తిరుగు. సచ్చిపోవాలని ఉండాదా నీకు?" అని సూటిగా అడిగింది.

మధులత ఉలిక్కిపడింది. అతను తల ఊపాడు. "నేను లేకుంటేనే వీళ్లకు మేలు, రాహేలమ్మా."

"దాసన్న గూడా ఇదే అన్న్యాడు. నాకు ఏం మేలయిందో సూడు. నా మొగం సూడు!" అతను చూడలేక కళ్లు దించుకున్నాడు. "నీకు సావు దక్కనియ్యను. నువ్వు బాగుపడాల. బాగుపడి, నా మొగుణ్ణి యాడ నవ్వులపాలు జేసినావో ఆడ్నే నిలబడి నోరిప్పాల. అందాకా వదల్ను. లే."

అప్పటికప్పుడే ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు చేర్చుకున్నాడు. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దన్నాడు. రోజూ పని కాగానే రాహేలమ్మ మంచం దగ్గరికి వచ్చి, మాత్ర మింగేదాకా నిలబడేది. ఒకసారి ఓబుళేశు, "నీది శానా మంచి మనసు" అన్నాడు.

"మంచీ గాదు మన్నూ గాదు. నీతో పనుంది నాకు."

ఇంటికి వచ్చిన రెండు నెలలకు, బాగైపోయిందని మాత్రలు ఆపేశాడు. మళ్లీ గోడవైపు తిరిగాడు. రాహేలమ్మ వీధంతా వినేలా తిట్టి మళ్లీ లాక్కుపోయింది.

దీపావళి అయిన వారం, తేరుకుని మళ్లీ పనిలో చేరిన ఓబుళేశు ఫ్యాక్టరీలో అన్నం వేళ లేచి నిలబడ్డాడు. రాహేలమ్మ గేటు లోపల చేతులు కట్టుకుని ఉంది.

"దాసన్నకు వచ్చింది జబ్బు. నాకూ అదే వచ్చినాది. నన్ను ఆస్పత్రికి తీసకపోయినారు. ఆయన్ని నేను..." ఆడకూలీల వరస వైపు చూశాడు. "ఆయన పిరికోడు గాదు. ఆ మాట నేనన్న్యా. తప్పు."

ఎవరూ నవ్వలేదు. అప్పట్లో నవ్విన వాళ్లు కంచాల్లోకి చూస్తూ ఉండిపోయారు. రాహేలమ్మ వాళ్లలో ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఆరేళ్లలో ఆమెకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. ఓబుళేశు దగ్గరికి వచ్చి దండం పెడితే అందుకోలేదు.

"నీ మింద నా కోపం పోలా. మాత్రలు మాత్రం ఆపగాకు" అని గేటు దాటింది.

వెనకనుంచి ఎవరో పిలిచారు. మిషన్ నడిపే ఇలియాస్, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చాడు.

"అక్కా, నాకూ నెల దినాల సంది నిద్ర పడ్తలేదు. ఆ ఓపీ యాడ?"

"రేపు ఎనిమిదికి ఆటో కాడికి రా, నేను తీసకపోతా" అంది రాహేలమ్మ.