ఆనందంలో మునిగిన ఊరు

మొన్న ఈ పరాయి దేశంలో, టార్నీట్‌లో ఉన్న మా అబ్బాయి ఇంట్లో, భోజనాల బల్ల మీద చార్టు పరుచుకుని, పోయిన శతాబ్దం నడుమ దేశాలేలిన ప్రధానుల, అధ్యక్షుల బొమ్మలు మా మనవరాలు స్కూలు కోసం అంటిస్తుంటే, అందులో ఒకాయన నవ్వుముఖం చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మా అబ్బాయి మాత్రం పొంగిపోయాడు. "నాన్నా, ఫ్రైడే ఆఫ్టర్‌నూన్ స్కూల్‌కి రండి, ఆయన మీ మెళ్ళో దండ వేసిన స్టోరీ చెప్పేయండి, ఫైవ్ మినిట్సే" అన్నాడు.

వాడికి ఆ కథ సగమే తెలుసు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆనకట్టకు పునాదిరాయి వేయడానికి ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ నీళ్ళ కింద పోయే మా ఊరివాళ్ళ చేతనే తోరణాలు కట్టించి, మమ్మల్ని ఎండలో నిలబెట్టారు. భూమికి భూమి అడుగుదామని నా చెయ్యి పట్టుకుని ముందు వరుసలో నిలబడ్డ మా నాన్న, ప్రధానమంత్రి దగ్గరకు రాగానే చేతులు జోడించి, "మునిగిపోతున్నామయ్యా, మీరే దిక్కు" అన్నాడు. పక్కనున్న మా ప్రాంతపు నాయకుడు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు, ఆయన హాయిగా నవ్వి తన మెడలోని దండ నా మెళ్ళో వేసి వెళ్ళిపోయాడు. ఆ ఇంగ్లీషు మా వెనకే ఉన్న, కాలేజీలో చదివే మా అన్నయ్యకు అర్థమైంది. ఊరంతా ఆనందంలో మునిగిపోయిందని చెప్పాడట ఆ నాయకుడు.

అన్నయ్య అది నాకు చెప్పాడు గానీ నాన్నకు చెప్పలేకపోయాడు. తన మాట ప్రధానికి చేరిందనే నాన్న నమ్మాడు. ఊరు మునిగింది, మాకిచ్చిన రాళ్ళనేలలో జొన్న కూడా సరిగా పండలేదు, అయినా ఆయన్ని ఎవరైనా ఒక మాట అంటే నాన్న ఊరుకునేవాడు కాదు. పాపం ఎన్ని పనులో, మన సంగతి మాత్రం ఆయనకు తెలుసు అనేవాడు. ఆ ప్రధాని పోయిన రోజు నాన్న అన్నం ముట్టలేదు.

మీకు ఆయన మహానుభావుడేమో, నాకు కాదు. భాష రాకపోతే పోయె, చేతులు జోడించినవాడి ముఖం చూస్తే సంతోషమో ఏడుపో తెలియదా?

స్కూలుకు రానని చెప్పేశాను. మనవరాలికి మాత్రం కూర్చోబెట్టి అంతా చెప్పాను. తెలుగు అర్థమవుతుంది గానీ బదులంతా ఇంగ్లీషే. "దెన్ వై వాజ్ హీ సో శాడ్ ఫర్ హిమ్, తాతా?" అంది.

ఇప్పుడు ఏ నాయకుణ్ణీ ఎవరూ అలా నమ్మడం లేదని, ఫోన్లలో తిట్టుకుంటున్నారని నా తోటివాళ్ళు వాపోతుంటారు. పోతే పోయింది ఆ నమ్మకం. మా నాన్నకు కూడా లేకుండా ఉంటే, ఆ రోజు కడుపునిండా తినేవాడు.