పంపు ఎత్తినవాడి తప్పు

2018 జూలైలో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక చిన్న కర్మాగారానికి సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. గేటు దగ్గర, ప్రమాదం లేకుండా గడిచిన రోజుల లెక్క చూపే బోర్డు ఉండేది. పక్కనున్న దేవుడి పటం కన్నా దానికే భక్తులు ఎక్కువ. గాయపడినవాడు మర్నాడు డ్యూటీకి రాకపోతేనే అది ప్రమాదం. అప్పుడే బోర్డు మీది అంకె సున్నాకి పడుతుంది. వస్తే ప్రథమ చికిత్స కింద సరిపెట్టవచ్చు.

ఆగస్టులో, గోతిలోంచి తొంభై కిలోల నీటి పంపు పైకెత్తుతూ కాంట్రాక్టు కార్మికుడు అప్పలస్వామి నడుం పట్టేసి కూలబడ్డాడు. అలాంటి బరువును చైన్ పుల్లీతో ఎత్తాలి. తనిఖీ గడువు దాటిందని దాన్ని స్టోరులో పెట్టి తాళం వేశారు. తనిఖీ చేసి సంతకం పెట్టవలసింది నేనే. ఆ వారమంతా నేను, బరువెత్తే సరైన పద్ధతి గురించిన పోస్టరుకు రంగులు ఎంచడంలో తలమునకలుగా ఉన్నాను.

ఆ పోస్టరు నమూనా చూపించి, మోకాళ్ళు ఎందుకు వంచలేదని విచారణలో అడిగాను.

"గోతిలో నడుం లోతు నీరుంది బాబూ, మోకాళ్ళొంచితే ములిగిపోనా? మీ బొమ్మలోనోడికి అట్టపెట్టె ఇచ్చినారు, మాకేమో పంపు ఇచ్చినారు," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను 'కార్మికుడి అజాగ్రత్త. పాత నడుం నొప్పి' అని రాశాను. అతనికి పాత నొప్పేదీ లేదు.

ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి, మేనేజరు చెప్పినట్టే, అతన్ని బారిడీహ్‌లోని ఇంటి నుంచి జీపులో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. హాజరు పడింది. కూర్చోలేక మూడో రోజు నుంచి బల్ల మీద పడుకుని డ్యూటీ చేశాడు. పదో రోజున, బరువు పనికి పనికిరాడని గేటు పాసు రద్దు చేశారు. ఆధారం నా నివేదికే. ఆ ఏడాది భద్రతా షీల్డు మాకే వచ్చింది. వేదికెక్కి అందుకున్నది నేను.

ముందస్తు విరమణ తీసుకున్నాక, నిరుడు, అప్పట్లో జరిగిందంతా ఉన్నదున్నట్టు రాసి, సంతకం చేసి, అతనింటికి పట్టుకెళ్ళాను. కార్మిక శాఖలో చూపించమన్నాను. కూతురి చేత చదివించుకున్నాడు.

"ఈ సంతకమేదో అప్పుడా పుల్లీకి పెట్టుంటే పోయేది కదా బాబూ," అన్నాడు. కాగితం మాత్రం తీసుకున్నాడు. దాని ఆధారంగా వేసిన పరిహారం కేసు ఇంకా తేలలేదు.

నా ఉద్యోగం నేర్పింది ఇదే: ప్రమాద నివేదికలో 'కార్మికుడి అజాగ్రత్త' అని కనబడితే, ముందు అది రాసినవాడు ఆ వారం ఏం చేశాడో అడగాలి.