కోట వాకిలి కాపలావాడి పళ్ళు

కిటికీ పక్క బల్ల కోసం ఆ ఇంట్లో జరిగిన గొడవను పెద్దకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటె దించకుండా, మొదటినుంచి చివరిదాకా చూసింది. ఒకవైపు ఆమె భర్త, ఇంటికి పెద్ద. ఇంకోవైపు మరిది పెళ్ళాం, కాపురానికి వచ్చి ఏడాది నిండని మనిషి. ఈ చిన్నకోడలు పళ్ళసెట్లు కట్టే దుకాణంలో పని ముగించుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా ఆ బల్ల దగ్గరికే వెళ్ళింది.

"బావగారూ, ఈ బల్ల నాకు కావాలండి. బొమ్మ చేసుకోవడానికి వెలుతురంతా ఇక్కడే ఉంది."

"బొమ్మలాట ఆడుకునే ఈడా అమ్మా నీది? నేను పేపరు చదువుకోవద్దూ?"

"చదువుకోండి, ఎవరు కాదన్నారు? కానీ బావగారూ, పేపర్ని మీరు చదువుతున్నారా, మీ మొహాన పడుకుని అదే మిమ్మల్ని చదువుతోందా?"

మరిదికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. పెద్దాయన మీసం సర్దుకుని, "ఎండ కళ్ళలో పడుతుంటే మరి పేపరు కప్పుకోక ఏం చెయ్యను?" అని నోరు జారాడు.

"అదేనండీ నేను చెప్పేదీ! కునుక్కి వెలుతురు పగవాడు. మీకు నడవలో పడక్కుర్చీ వేయిస్తాను. చల్లగా, చీకటిగా, హాయిగా ఉంటుంది. ఈ పాడు కిటికీ బాధ నేను పడతాలెండి."

పెద్దాయన తన కుర్చీ తనే మోసుకుని నడవలోకి నడిచాడు. మొగుడు ఓడిపోయినందుకు పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో తను అనలేకపోయిన మాట ఇంకొకరి నోట విన్నందుకు కడుపు చల్లబడింది. పైకి మాత్రం, "ఆడదానికి ఇంత నోరు పనికిరాదు," అంది. ఆ మాట అనడానికి ఆ వీధిలో ఆమెకు మించిన అర్హత ఎవరికీ లేదు.

అలా ఆ బల్ల చిన్నదాని సొంతమైంది. పెద్దకోడలు ఆమెను 'చిన్నది' అనే పిలిచేది. జుట్టు నెరిసినా చిన్నది చిన్నదిగానే ఉండిపోయింది.

చిన్నది చేసేవి పిల్లల బొమ్మలు కావు. పాతకాలపు సైనికులు. ఒక్కొక్కడు వేలెడు పొడుగు. ఏ సైన్యంలో ఏ రంగు అంగీ తొడుక్కునేవారో, కత్తి ఏ పక్క వేలాడేదో, చెప్పుకు ఎన్ని మేకులుండేవో తెలుసుకుని మరీ చేసేది. సన్న తీగ వంచి ఎముకల గూడు కట్టేది. దాని మీద దుకాణంలో చిగుళ్ళు పోతపోయగా మిగిలిన గులాబీరంగు పొడిని నీరులాంటి మందుతో కలిపి, ముద్ద చేసి అద్దేది. అది గట్టిపడ్డాక పళ్ళు చెక్కే పనిముట్లతోనే కండలూ, మడతలూ, గుండీలూ తీసేది. రంగు పడనంతవరకు ఆ వీరులంతా అప్పుడే పుట్టిన పిల్లల్లా గులాబీరంగులో బోసిగా మెరుస్తుండేవారు.

"నీ సైన్యమంతా చిగుళ్ళే కదే. శత్రువును కొరుకుతారా, చప్పరిస్తారా?" అనేది పెద్దకోడలు.

"చప్పరించే సంగతి నీకు తెలిసినట్టు వాళ్ళకెలా తెలుస్తుందక్కా?" అనేది చిన్నది, తలెత్తకుండా.

ఆ పోటు ఊరికే పొడిచింది కాదు. పెద్దకోడలికి పైవరసలో ముందు పళ్ళు రెండు లేవు. వాటి పక్కది సగమే ఉంది. ఇంట్లోనే పళ్ళు కట్టే మనిషిని పెట్టుకుని ఆ నోరు అలా వదిలెయ్యడం చిన్నదానికి తలవంపులుగా ఉండేది. "అక్కా, ఒక్కసారి దుకాణానికి రా. నీ రంగుకు, నీ దవడకు సరిపోయేలా కడతాను," అని బతిమాలేది.

"నీ చెయ్యి నా నోట్లో పెట్టనిస్తే ఇక నేను మాట్లాడేదెప్పుడు?" అని పెద్దకోడలు తోసిపుచ్చేది. లేని పళ్ళ సందుల్లోంచి వచ్చే తిట్టుకు ఈల కూడా తోడయ్యేది. దాని దెబ్బ వేరు.

ఇలా ఉండగా, ఊళ్ళోని మ్యూజియం నుంచి ఒక కబురు అందరికీ చేరింది. అక్కడ పెద్ద అద్దాల పెట్టెలో చెక్కతో చేసిన పాత కోట ఉంది. బురుజులూ, గోడల మీద సైనికులూ అన్నీ ఉన్నాయి కానీ, సింహద్వారం ముందు నిలబడి "ఎవర్రా అది?" అని కేకేసే కాపలావాణ్ణి ఎలుకలు పాడుచేశాయి. ఆ చోట పెట్టడానికి ఊళ్ళో బొమ్మలు చేసేవాళ్ళెవరైనా చేసి తేవచ్చని, బాగున్నదాన్ని అక్కడ నిలబెడతామని ఆ కబురు.

చిన్నది అన్నం మానేసినంత పని చేసింది. ఇన్నేళ్ళూ ఆమె చేసిన సైనికులు బీరువా పైన గాజు సీసాల్లో ఇంటి గోడకు కాపలా కాశారు. మొదటిసారి ఒకడు కోటకు కాపలా కాయబోతున్నాడు. చేసింది, రంగు వేసింది, తీసుకెళ్ళింది. అక్కడి అధికారి మంచివాడే. భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. "పని చాలా బాగుందమ్మా. కానీ బొమ్మలా ఉంది. మనిషిలా లేడు. ఇంకా గడువుంది, మళ్ళీ చూసుకో," అన్నాడు.

చిన్నది ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చుంది. మందు సీసా మూత మీద నిలబడ్డ కాపలావాణ్ణి అటు తిప్పింది, ఇటు తిప్పింది. అంగీ భుజాల దగ్గర ఎండకు వెలిసింది. తోలుపట్టీ చెమటకు నల్లబడింది. చెప్పుల మీద బురద ఆరి పొరలు లేచింది. ఎక్కడా తప్పు లేదు. మరి ఎందుకు మనిషి కాలేదు?

"ఏడుస్తున్నావుటే?" అంది పెద్దకోడలు వెనకనుంచి.

"లేదక్కా. వీడిలో ఏం తక్కువైందో తెలియడం లేదు."

పెద్దకోడలు భూతద్దం లాక్కుని వంగి చూసింది. వాడు ఈటె అడ్డం పెట్టి, నోరంతా తెరిచి కేక వేస్తున్నాడు. నోట్లో పైవరస, కిందివరస, నువ్వుగింజను నాలుగు ముక్కలు చేసినంత పళ్ళు, ముత్యాలు కోసినట్టు వరసగా, నిండుగా ఉన్నాయి.

పెద్దకోడలు పగలబడి నవ్వింది. "తక్కువ కాదే, ఎక్కువైంది! ఎండనకా వాననకా కోట గుమ్మంలో రాళ్ళ అన్నం తిని, తాగి, తన్నులాడుకునేవాడికి ఈ పళ్ళేమిటే? కోట ముట్టడి మధ్యలో సెలవు పెట్టి నీ దుకాణానికొచ్చి సెట్టు కట్టించుకున్నాడా?"

చిన్నది భూతద్దం తీసుకుని చూసింది. రోజంతా బోసినోళ్ళు చూసి, చూసి, వాటిని నింపడమే పనిగా పెట్టుకున్న చెయ్యి ఖాళీ కనపడగానే దానంతటదే నింపేసింది. ఇంకెవరు చేసినా ఆ తప్పు చేసేవారు కాదు. పళ్ళు కట్టేవాళ్ళే చెయ్యాలి. ఆపైన సన్నరంపం తీసింది. పెద్దకోడలు ఏమిటేమిటి అనేలోపే కాపలావాడి మెడ మీద పెట్టి కోసేసింది.

"అయ్యయ్యో! తల తీసేశావు కదే! రెండు పళ్ళు పీకమంటే ప్రాణం తీస్తావా?"

"పళ్ళు పీకితే సరిపోదక్కా. పళ్ళు లేని మొహం వేరుగా ఉంటుంది. పెదవి లోపలికి పోతుంది, బుగ్గ లాగుతుంది, కేక ఒక పక్కనుంచి వస్తుంది. మొత్తం మళ్ళీ చెయ్యాలి."

ఆ రోజునుంచి చిన్నది వింతగా తయారైంది. కొళాయి తిప్పి వదిలేసేది. ఆరేసిన బట్టలు వాన మొదలయ్యేదాకా తియ్యలేదు. పాలు పొంగుతుంటే పక్కనే నిలబడి చూసింది. పెద్దకోడలు ఊరుకుంటుందా? కొంగు బిగించి, ఎడమ కనుబొమ్మ పైకెత్తి, ఇల్లు ఎగిరిపోయేలా తిట్టింది. ఇదివరకైతే మాటకు మాట అప్పజెప్పే చిన్నది ఇప్పుడు చేతులు కట్టుకుని, కళ్ళార్పకుండా, నోరు మెదపకుండా వినేది. తిట్టు పూర్తయ్యాక బల్ల దగ్గరికి పరుగెత్తేది.

"ఇన్నాళ్ళకు దీనికి పెద్దంతరం చిన్నంతరం తెలిసొచ్చింది," అని పెద్దకోడలు మొగుడితో గొప్పగా చెప్పుకుంది. ఆయన నడవలో పేపరు కింద నుంచి ఊఁ కొట్టాడు.

కొత్త తల శనగగింజంత ఉంది. చిన్నది దాన్ని సూదిమొనకు గుచ్చి, ఊపిరి బిగపట్టి, వెంట్రుకలాంటి కుంచెతో రంగు వేసింది. పూర్తయ్యాక మెడకు అతికి, అతుకు కనపడకుండా కాలరు కప్పింది. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చింది. పెనం మీద పేలాల్లా ఇంట్లో అటూ ఇటూ ఎగిరిపడుతూ, అధికారి పిలిచేదాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చివరికి ఫోను వచ్చింది. విని, కుర్చీలో కూలబడి, "నిలబెట్టారటక్కా," అంది.

కోటను చూడటానికి ఇంటిల్లిపాదీ వెళ్ళారు. అద్దాల పెట్టె చుట్టూ జనం. అందరి కళ్ళూ సింహద్వారం దగ్గరే. ఒకాయన, "వీడు అరుస్తుంటే నేను వెనక్కి తగ్గానండీ బాబూ," అన్నాడు. ఒకావిడ తన కూతురితో, "పద పద, మనల్నే అంటున్నాడు," అంది. అధికారి చిన్నదాని దగ్గరికొచ్చి, "ఇప్పుడు మనిషమ్మా. ఈ కోటలో ప్రాణమున్నవాడు వీడొక్కడే," అన్నాడు.

పెద్దకోడలు జనాన్ని మోచేత్తో తప్పించుకుని ముందుకు పోయింది. పెట్టె కింద అతికించిన చీటీలో చిన్నదాని పేరు ఉంది. చదువు అంతంతమాత్రమే అయినా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, ఆ గదిలో అందరికీ వినపడేలా గట్టిగా చదివింది. "మా చిన్నది! మా మరిది భార్య!" అని చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు పెట్టె ముందు బిగించిన భూతద్దం మీదికి వంగింది.

కాపలావాడి ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది. పైవరసలో ముందు పళ్ళు రెండు లేవు. పక్కది సగమే ఉంది. కేక నోటికి ఒక పక్కనుంచి వస్తోంది.

పెద్దాయన భుజం మీదుగా తొంగిచూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేనేం చేశానే?" అన్నాడు, అలవాటు కొద్దీ. తర్వాత బొమ్మను, పెళ్ళాన్ని మార్చి మార్చి చూసి, దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒసేవ్ దొంగా! నా మొహం దొంగిలించావుటే?" అంది పెద్దకోడలు.

"దొంగిలించడమేంటక్కా? రోజూ ఊరికే ఇస్తుంటే తీసుకున్నాను."

ఆ పెట్టె దగ్గర్నుంచి పెద్దకోడల్ని కదిలించడానికి ముగ్గురు కావలసి వచ్చింది. ఎవరు వచ్చి చూస్తే వాళ్ళ పక్కన నిలబడి, కాపలావాడిలాగే కనుబొమ్మ ఎత్తి, వాళ్ళు గుర్తుపడతారేమోనని ఎదురుచూసింది. ఇద్దరు గుర్తుపట్టారు. మూడో ఆయన నమస్కారం పెట్టాడు.

బయటికొచ్చి ఇంటిదారి పట్టాక మాత్రం ఆమెకు నోటి మీదికి ధ్యాస మళ్ళింది. ఊరంతా తన బోసి సందులు భూతద్దం పెట్టి చూస్తోంది. వీధి మలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఏమే, రేపు నీ దుకాణానికి వస్తాను. ఆ సెట్టేదో కట్టెయ్యి. ఇన్నేళ్ళు అడిగావు, పోనీ నీ మాటే నెగ్గనీ," అంది.

చిన్నది నడక ఆపి, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకు పుణ్యముంటుందక్కా, ఇప్పుడు మాత్రం కట్టించుకోకు. వెనక దిడ్డివాకిలికి ఇంకో కాపలావాడు కావాలన్నారు, వీడి అన్నట. వాడు పూర్తయ్యేదాకా ఆ నోరు అలాగే ఉంచు. రోజూ ఒక్కసారి నన్ను తిట్టు."