ముడి వేయని గీత

గీత ఎక్కడ ఆగుతుందో మీలో ఎవరైనా చెప్పగలరా? చదువుకున్నవారూ, ఉద్యోగాలు చేసి రిటైరైనవారూ నరసాపురంలో ఎందరు లేరు! చెప్పండి. మాకు చెప్పే మనిషి ఇక లేరు. మా ప్రార్థన షెడ్డులో లెక్కలు చెప్పే టీచరుగారు మంగళవారం పొద్దున్న గుండె ఆగి కన్నుమూశారు. ఆవిడ దగ్గర చదువుతున్న ఆడపిల్లలంతా టెన్త్‌లో లెక్కలు తప్పినవాళ్లే. సోమవారం వాళ్లకి సప్లిమెంటరీ పరీక్ష.

ఆవిడ మా క్రైస్తవ సంఘం మనిషి కాదు. నుదుట బొట్టు, సంచిలో చాక్‌పీసుల డబ్బా. సాయంత్రం గోదారి దాటించే పంటు దిగి నేరుగా షెడ్డుకి వచ్చేవారు. నేనింకా వాక్యం చెబుతుంటే గుమ్మంలో నిలబడి, "అయ్యగారూ, కాస్త గొంతు తగ్గించండి. దేవుడికేం చెవుడు లేదు" అనేవారు. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

షెడ్డులో పరిచిన చదరపు పలకలే ఆవిడకు గ్రాఫు కాగితం. మధ్యలో రెండు అక్షాలు గీసి, పక్కన 2x + y = 6 అని రాసేవారు. x సున్నా అయితే y ఆరు, అక్కడొక పిల్ల కూర్చోవాలి. y సున్నా అయితే x మూడు, అక్కడ ఇంకో పిల్ల. ఇద్దరి మధ్యా లేసు దారం బిగించి పట్టుకోవాలి. తర్వాత y = –2x + 6 అని రాసి మళ్లీ చోట్లు వెతకమనేవారు. ఆ తర్వాత x/3 + y/6 = 1.

"టీచరుగారండీ, మళ్లీ నా చోటే వచ్చిందండి!" అని రూతమ్మ అరిచింది ఒకరోజు.

"మరి? రాసే తీరు మారింది గానీ గీత మారలేదే! ఒకదాంట్లో వాలు కనబడుద్ది, ఇంకోదాంట్లో అక్షాల్ని ఎక్కడ తాకుద్దో కనబడుద్ది. ఏది అడిగితే అది చూపించు."

పిల్లలవి లేసు అల్లే చేతులు కదా, దారం చివర ముడి వేసి పళ్లతో పుటుక్కున తెంపేసేవాళ్లు. కాగితం మీదా అంతే, రెండు చుక్కలు కలిపి ఆపేసేవాళ్లు.

"ముడేస్తావేంటే? నీ దారం అయిపోయింది గానీ గీత అయిపోలేదు. అది షెడ్డు దాటి, గోదారి దాటి పోతానే ఉంటది. రెండు వైపులా బాణం గుర్తు పెట్టు!"

ఆవిడ పోయిన మర్నాడు సాయంత్రం కూడా పిల్లలు వచ్చారు. వెనకే రూతమ్మ తల్లి. "ఈసారి కూడా తప్పితే రొయ్యలు వలిచే షెడ్డుకి పనికి పంపేత్తానండి అయ్యగారూ. ఎన్నాళ్లని కూర్చోబెట్టను?" అంది. రూతమ్మ తల వంచుకునే అడిగింది: "అయ్యగారండీ, వాలు మైనస్ వత్తే గీత ఎటు వాలుద్దండి?"

గ్రంథం చదవడానికే అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి నేను. చేతిలో ఉన్న గ్రంథం తెరిచాను. ఓదార్పు దొరికింది. జవాబు దొరకలేదు. అందుకే, నోరు తెరిస్తే రేవు దాకా వినబడే ఈ గొంతుతో మిమ్మల్ని పిలుస్తున్నాను.

ప్రవక్త వెళ్లిపోతూ దుప్పటి కిందపడితే శిష్యుడు దాన్ని ఎత్తుకుని ఆయన పని సాగించాడని ఎన్నిసార్లు ప్రసంగించానో! ఇక్కడ చాక్‌పీసు కిందపడి ఉంది. ఎత్తుకునే చెయ్యి ఏదీ? మీరు ఏ దేవుణ్ణి మొక్కినా సరే, లెక్కలొస్తే చాలు.

ఆదివారం చూద్దాం అనకండి. ఆదివారానికి ఆలస్యమైపోతుంది. పంటు వచ్చే వేళకి షెడ్డు తలుపు తీసే ఉంటుంది. పలకల మీద ఇద్దరు పిల్లలు దారం బిగించి పట్టుకుని కూర్చున్నారు, ముడి వేయకుండా. రండి, ఇవాళే రండి!