చెప్పుల వరసలో ఒక కాలు

చోడవరంలో మా ప్రార్థన మందిరం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ చేత చెప్పులు విడిపించడం ఎన్నో ఏళ్ళుగా నా పరిచర్య.

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం, సరిహద్దులో గాయపడిన పక్కూరు గోవాడ జవానుకు శాలువా కప్పాలని సంఘ పెద్దలు పిలిచారు. చేతికర్రతో వస్తాడనుకుని దారి చూస్తున్నాను. ఇంతలో బూట్లతో ఒకతను నిటారుగా మెట్లెక్కాడు.

"బాబూ, బూట్లు బయటే ఇప్పీ" అన్నాను.

"ఒకటి ఇప్పుతానమ్మా. రెండోది కాలుతోటే వస్తాది."

వేళాకోళమనుకున్నాను. "దేవుడి ముందు చెప్పులు ఇప్పడం మోషేకే తప్పలేదు, నీకేటి?" అన్నాను.

అతను మెట్టు మీద కూర్చుని ప్యాంటు మడిచాడు. పట్టీలు విప్పి, బూటుతో సహా పెట్టుడు కాలును చెప్పుల వరసలో పెట్టాడు. మోకాలి కింద పుండు పడి, చుట్టిన గుడ్డకు నెత్తురు అంటుకుని ఉంది.

"ఈ కాలు ఒరిసేస్తంది. మార్చమని విశాఖ సైనిక ఆఫీసులో అర్జీ పెట్టి రెండేళ్ళయింది. పిలుస్తామంటన్నారు" అని, గోడ పట్టుకుని గెంతుతూ లోపలికి వెళ్ళాడు.

శాలువా కప్పాం, చప్పట్లు కొట్టాం, ప్రార్థించాం. పుండు సంగతి ఎవరూ అడగలేదు. ఆమేన్ అన్నాను గానీ నా మనసు కుదురుగా లేదు.

ఆ వారమే అతనితో ఆ ఆఫీసుకని విశాఖ బస్సెక్కాను. ఇప్పటికి నాలుగుసార్లు తిరిగాం, ఇంకా పిలుపు రాలేదు. బైబిల్లో సమరయుడు దారిలో గాయపడి ఉన్నవాణ్ణి వదిలిపోకుండా సత్రం దాకా చేర్చాడని సండే స్కూలు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. మేమంతా కలిసి ఆ జవానుకు శాలువా కప్పి, దారిలోనే వదిలేశాం.