వెర్నా నోరు విప్పని వారం

మోంటానాలోని మా చిన్న ఊళ్లో లైబ్రరీ అంటే వెర్నా హాగెన్. ఆవిడ మామూలుగా మాట్లాడినా ఎదుటి పెట్రోలు బంకులో వినిపిస్తుంది. ఆవిడ పక్క కుర్చీలో ఏళ్ల తరబడి పనిచేశాను. ఎవరి మోకాలికి ఆపరేషనైందో, ఎవరి పెళ్లి పెటాకులైందో అన్నీ ఆవిడ నోటే విన్నాను. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో మాత్రం ఎన్నడూ వినలేదు.

ఆవిడకు బొత్తిగా గిట్టని మనిషి మైలో ట్రెడ్‌వెల్. లైబ్రరీ పేపర్లో గళ్లనుడికట్టు పెన్నుతో నింపేస్తాడు, అదీ తప్పులతో. చదువుకునే బల్ల మీదే గోళ్లు కత్తిరించుకుంటాడు.

ఆ వసంతంలో వాగు మీద బీవర్లనే నీటి జంతువులు కొమ్మలతో కట్టుకున్న కట్టను ఎవరో మందు పెట్టి పేల్చేశారు. నీళ్లు ఒక్కసారిగా దూకి దిగువనున్న షెరీఫ్ గారి గడ్డివాముల్ని ముంచేశాయి. మర్నాడే ఆయన డిప్యూటీ డ్వేన్ వచ్చాడు. చిన్నప్పుడు వెర్నా ముందు చతికిలబడి కథలు విన్న పిల్లాడే.

"మేడమ్, బండలు పేల్చే పుస్తకం ఒకటుందటగా. ఈమధ్య ఎవరు తీసుకెళ్లారు?"

"జడ్జిగారి ఆర్డరేదిరా?"

"ఒక్క పేరే కదండీ. మైలోయే కదూ? మీకూ వాడంటే ఒళ్లుమంట."

"మంటే. వాణ్ని లోపలేస్తే మీ స్టేషనుకి కేకు పంపిస్తా. ముందు ఆర్డరు పట్రా."

"అడ్డుపడితే మీ మీద కేసవుద్ది!"

"అడ్డెక్కడ పడ్డాను? దారి చెప్తున్నా. కోర్టు పక్క వీధిలోనే ఉంది, పో."

కిందటి నెల ఆ పుస్తకాన్ని మైలో చేతికి ఇచ్చింది వెర్నాయే. నేను పక్కనే ఉన్నాను.

డ్వేన్ వెళ్లాక అడిగాను. "మైలోయే చేశాడంటారా?"

"కాక ఇంకెవడు? ఆ మొహం చూస్తే తెలీట్లా?"

"మరి చెప్పేయొచ్చుగా?"

"చదివినందుకే పట్టిస్తే, ఊళ్లో సగంమంది ఆడాళ్లు మొగుళ్లని చంపిన కేసులో లోపలుండాలి. వారానికో హత్య నవల లాగించేస్తారు."

రెండ్రోజులకు ఆర్డరొచ్చింది. ఊరందరూ ఏడాదిగా చదివినవన్నీ చెప్పాలట. వెర్నా దాన్ని లైబ్రరీ లాయరు చేతిలో పెట్టింది. ఆయన జడ్జితో మాట్లాడి, ఆ ఒక్క పుస్తకానికే పరిమితం చేయించాడు. అప్పుడు గానీ ఆవిడ కంప్యూటరు ముందు కూర్చోలేదు. పుస్తకం తిరిగి రాగానే తీసుకున్నవాళ్ల పేరు చెరిగిపోయేలా ఆవిడ ఏనాడో పెట్టించింది. తెర మీద కనిపించింది ఒక్కటే: పుస్తకం అలమరలో ఉంది.

"మీకు గుర్తుండే ఉంటుందిగా?" అన్నాడు డ్వేన్ గుర్రుగా.

"ఇందులో కంప్యూటరని రాసుంది, నా బుర్రని రాయలేదు. దానికి ఇంకో ఆర్డరు తెచ్చుకో."

ఆ ఆర్డరు తెచ్చే పని పడలేదు. ఆదివారం చర్చిలో ఫలహారాల దగ్గర పాస్టర్ ఎల్మర్ బయటపడ్డాడు. పశ్చాత్తాపం కాదు, గొప్పలు. కట్ట వల్ల చర్చి నేలమాళిగలోకి నీళ్లొస్తుంటే ప్రార్థించి ప్రార్థించి విసిగి, సైన్యంలో నేర్చిన విద్య వాడానన్నాడు. ఎదురుగా పాన్‌కేక్ నములుతున్నది షెరీఫేనని చూసుకోలేదు. పాస్టర్ జన్మలో మా లైబ్రరీ గడప తొక్కలేదు.

సంగతి చెప్పగానే వెర్నా కుర్చీలో కూలబడింది.

"మైలో కాదా?"

"కాదండీ."

"అస్సలు సంబంధమే లేదా?"

"లేదు."

ముందు నిరాశపడింది. తర్వాత మొహం పాలిపోయింది. "నేను నోరు జారుంటే వాణ్ని పట్టుకుపోయేవాళ్లే" అంది.

మర్నాడు మైలో వచ్చాడు. వెర్నా తన పేరు బయటపెట్టలేదని ఎవరో చెప్పినట్టున్నారు. వెర్నా బల్ల ముందు నిలబడి, టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ చలెక్కువగా ఉంది" అన్నాడు.

"కోటు తెచ్చుకుని ఏడు" అంది వెర్నా. అని, లేచి వెళ్లి హీటరు కాస్త పెంచింది.